మోకాటి చిప్ప దగ్గర నొప్పి: కొండ మెట్లు ఎక్కడం మానేయాలా?

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్ళు. తిరుపతిలో ఉంటాం. పాకాల దగ్గర ప్రైమరీ స్కూల్లో టీచర్ని, రోజూ బస్సులో పోయి వస్తాను. ఏడు శనివారాలు నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. మొదటి రెండు వారాలు శ్రీవారి మెట్టు దారిలో పోయాను, ఏమీ కాలేదు. మూడో వారం అలిపిరి నుంచి మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కి, నడిచే దిగాను. రెండు రోజులకు కుడి మోకాలి ముందు భాగంలో నొప్పి మొదలైంది. ఇప్పటికి రెండు నెలలు. మిద్దె మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చుని లేచేటప్పుడు, బస్సులో గంటసేపు కూర్చుని లేచేటప్పుడు ఎక్కువగా ఉంటుంది. వంచితే కరకరమని చప్పుడు. వాపు లేదు. ఎక్స్‌రే మామూలుగా ఉందన్నారు, ఎంఆర్‌ఐలో చిప్ప కింద గుజ్జు కొద్దిగా మెత్తబడిందని రాశారు. ఒకచోట చూపిస్తే ఇంజెక్షన్ వేయించుకోమన్నారు, ఇక జన్మలో మెట్లు ఎక్కొద్దన్నారు. మా అత్తగారేమో పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారు. నా మొక్కు సంగతి ఏమిటి? ఇది ఆపరేషన్ దాకా పోతుందా? ఇంకో మాట, మా అబ్బాయికి 13 ఏళ్ళు, ఖోఖో ఆడతాడు. వాడికీ మోకాలి కింద బొడిపెలాగా వచ్చి నొప్పంటున్నాడు. ఇది వంశపారంపర్యమా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు:

చెల్లెమ్మా, ముందు మీ భయం తీరే మాట చెప్తాను. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇది ఆపరేషన్ దాకా పోయే జబ్బు కాదు, మీ మొక్కు కూడా ఎక్కడికీ పోదు. కాకపోతే మూడు నెలలు ఆగాలి, ఆ మూడు నెలలూ ఊరికే కూర్చోకుండా నేను చెప్పే పని చేయాలి. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళోనే ఫిజియోథెరపీ చేస్తున్నాను. కొండ కింద ఉన్న ఊరు కదా, నా దగ్గరికి వచ్చే మోకాళ్ళలో ఎన్నో ఆ మెట్ల మీద నుంచి వచ్చినవే.

మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఎంఆర్‌ఐ గురించి రాసింది కాదు, మూడో వారం గురించి రాసింది. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు. అలిపిరి దారిలో 3550. రెండు వారాలు 2388 మెట్లు మామూలుగా ఎక్కిన మనిషి, మూడో వారం ఒక్కసారిగా 3550 మెట్లకు పోయి, ఆ 3550 మెట్లకూ వంగి లేచి, చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర ఆ నిట్టనిలువు మెట్లు కూడా అట్లాగే ఎక్కి, తర్వాత అంతా నడిచి దిగారు. మీరు నడుము వంచి బొట్టు పెట్టారో, మోకాళ్ళు ముడిచి కూర్చుని పెట్టారో రాయలేదు. ఎక్కువమంది మోకాళ్ళు ముడిచే పెడతారు, నేను దారిలో చూస్తుంటాను. అంటే ఒకే రోజు మూడున్నర వేల గుంజీలు. స్కూల్లో పిల్లలచేత యాభై గుంజీలు తీయిస్తేనే మర్నాడు నడవలేక ఏడుస్తారు కదా.

మోకాటి చిప్ప ఎట్లా పనిచేస్తుందో కొంచెం చెప్తాను, అది తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. చిప్ప అనేది తొడ ముందు కండరానికీ కాలి ఎముకకూ మధ్య ఇరుక్కుని ఉండే చిన్న ఎముక. తొడ ఎముక చివర ఒక గాడి ఉంటుంది. మనం మోకాలు వంచినప్పుడల్లా చిప్ప ఆ గాడిలో, బావి గిలక మీద చేంతాడు జారినట్టు, పైకీ కిందికీ జారుతుంది. మోకాలు ఎంత ఎక్కువ వంగితే చిప్పను గాడిలోకి నొక్కే బరువు అంత పెరుగుతుంది. చదునైన నేల మీద నడిచేటప్పుడు ఆ నొక్కుడు సుమారుగా మన ఒంటి బరువంత ఉంటే, మెట్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ దాదాపు మూడింతలు అవుతుంది. గొంతుక్కూర్చుంటే ఇంకా ఎక్కువ. అందుకే మెట్లు, గొంతుక్కూర్చోవడం, మోకాళ్ళు ముడుచుకుని బస్సులో ఎక్కువసేపు కూర్చోవడం, ఈ మూడూ మీకు నొప్పి తెస్తున్నాయి. ఈ మూడూ కలిసి ఉన్నాయంటేనే నాకు సగం రోగనిర్ధారణ అయిపోయినట్టు. దీన్ని డాక్టర్లు పటెల్లోఫెమోరల్ పెయిన్ అంటారు. మనం చిప్ప నొప్పి అనుకుందాం. ఇది అరుదైనదేమీ కాదు. 2018లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం సాధారణ జనాభాలో ఏడాది కాలంలో 22.7 శాతం మందికి ఉంటుంది.

ఇక గుజ్జు సంగతి. మన దగ్గర మోకాలు నొప్పంటే చాలు, ‘గుజ్జు అరిగిపోయింది’ అంటారు. ఆ మాట వినగానే మనిషి సగం కుంగిపోతాడు, ఇక నా కాలు పాత బండి టైరు లాగా అయిపోయిందని నడవడమే మానేస్తాడు. గుజ్జు అంటే మృదులాస్థి, ఎముక చివర ఉండే నున్నటి పొర. మన ఒంట్లో అన్ని కీళ్ళకంటే మందంగా ఉండే మృదులాస్థి ఈ చిప్ప వెనకాలే ఉంటుంది. దానికి నరాలు లేవు, అంటే అది తనంతట తాను నొప్పి పుట్టించలేదు. నొప్పి వచ్చేది దాని కింది ఎముక నుంచి, చుట్టూ ఉండే పొరల నుంచి, చిప్ప కింది కొవ్వు మెత్త నుంచి. వాటి మీద అలవాటు లేని బరువు పడితే అవి గోల పెడతాయి. చిప్ప నొప్పి ఉన్న నలభై లోపు వాళ్ళనూ, ఏ నొప్పీ లేని అదే వయసు వాళ్ళనూ ఎంఆర్‌ఐ తీసి పోల్చి చూసినప్పుడు చిప్ప దగ్గరి మార్పుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే మీ రిపోర్టులో రాసిన ‘కొద్దిగా మెత్తబడింది’ అనేది, అలిపిరిలో మీ పక్కన హాయిగా ఎక్కిపోయిన మనిషికి తీసినా రావచ్చు. ఆ కాగితం బీరువాలో పెట్టేయండి. తీయించినందుకు బాధపడొద్దు, పెద్ద తేడా ఏదీ లేదని తెలిసింది, అంతవరకు దాని ఉపయోగం.

కరకర చప్పుడు కూడా అంతే. నొప్పి లేకుండా చప్పుడు చేసే మోకాళ్ళు కోకొల్లలు. చప్పుడును లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. కుర్చీలో కూర్చుని, నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించడానికి ప్రయత్నించండి. చిప్ప నొప్పి ఉన్నవాళ్ళు సాధారణంగా ఒక్క వేలితో చూపించలేరు, అరచేయి మొత్తం చిప్ప మీద పెట్టి ‘ఇక్కడంతా’ అంటారు, లేదా చిప్ప చుట్టూ వేలితో సున్నా చుడతారు. అట్లాకాకుండా సరిగ్గా చిప్ప కింది కొన మీద వేలు పెట్టి ‘ఇదిగో ఇక్కడే’ అంటే అది చిప్ప కింది స్నాయువు (చిప్పను కాలి ఎముకకు కలిపే పట్టీ) నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ, వాలీబాల్ ఆడేవాళ్ళకూ ఎగిరి దూకేవాళ్ళకూ వస్తుంది. చిప్ప మీదే చర్మం కింద నీళ్ళ సంచిలాగా మెత్తగా ఉబ్బితే అది బర్సా వాపు. మోకాళ్ళ మీద కూర్చుని బండలు తుడిచేవాళ్ళకూ, టైల్స్ వేసే పనివాళ్ళకూ చూస్తుంటాం. లోపలి పక్క, రెండు ఎముకలు కలిసే గీత మీద నొప్పి అయితే లోపల మెనిస్కస్ (రెండు ఎముకల మధ్య ఉండే మెత్త) గురించో, వయసు మళ్ళినవాళ్ళకు కీలు అరుగుదల గురించో ఆలోచించాలి. తర్వాత మెల్లగా గొంతుక్కూర్చోండి. చిప్ప నొప్పి ఉన్నవాళ్ళలో సుమారు 80 శాతం మందికి అప్పుడు నొప్పి తెలుస్తుంది. దీని నిర్ధారణ ఇట్లాగే, మాటల్తో, చేతుల్తో, కూర్చోబెట్టి లేపి చేసేది. ఇదే ఖచ్చితం అని చెప్పే ఒక్క స్కాన్ గానీ రక్త పరీక్ష గానీ లేదు.

ఇంకొకటి నేను నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకూ చేస్తాను, మీరూ చేసుకోవచ్చు. వంటింట్లో ఆరంగుళాల ఎత్తు పీట ఉంటే అద్దం ముందు వేసుకోండి, పక్కన గోడ పట్టుకోవడానికి ఉండాలి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకునో, నైటీ మోకాలి పైకి లాక్కునో మోకాలు కనబడేట్టు చూసుకోండి. నొప్పి ఉన్న కాలితో పీట మీద నిలబడి, రెండో కాలి మడమను మెల్లగా, నాలుగంకెలు లెక్కపెడుతూ, నేలకు ఆనించండి, బరువు మాత్రం వేయొద్దు, మళ్ళీ పైకి లేవండి. ఐదుసార్లు. అద్దంలో మోకాలినే చూడండి. అది రెండో వేలి మీదుగా నేరుగా వంగుతోందా, లేక బొటనవేలి వైపు, లోపలికి వాలిపోతోందా? పాదం లోపలి వంపు నేలకు అతుక్కుపోతోందా? నడుము ఒక పక్కకు జారుతోందా? చాలామంది ఆడవాళ్ళకు మూడోసారికే మోకాలు లోపలికి వాలడం కనబడుతుంది. తప్పు మోకాలిది కాదు, దాన్ని పైనుంచి పట్టుకోవాల్సిన తుంటి పక్క కండరం, పిరుదు కండరం బలం చాలక అట్లా వాలుతుంది. అందుకే మోకాలి నొప్పికి నేను తుంటి వ్యాయామం చెప్తే ఆశ్చర్యపోవద్దు. పరిశోధనల్లో కూడా ఉత్త మోకాలి వ్యాయామాల కంటే తుంటి, మోకాలు రెండూ కలిపి చేయించినప్పుడే మంచి ఫలితం వచ్చింది. మొదటి రోజు ఎన్నోసారికి నొప్పి మొదలైందో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, ఆరు వారాల తర్వాత మళ్ళీ చేసి పోల్చుకోవచ్చు.

‘జన్మలో మెట్లు ఎక్కొద్దు’ అన్న సలహా గురించి నా సొంత అనుభవం చెప్పాలి. నాకు 29 ఏళ్ళప్పుడు ఎడమ మోకాలికి సరిగ్గా ఇదే నొప్పి వచ్చింది. పేరున్న ఒక పెద్ద డాక్టరు గారికి చూపిస్తే ఆరు నెలలు మెట్లు ఎక్కొద్దు, కింద కూర్చోవద్దు, బెల్టు పెట్టుకోమన్నారు. అప్పటికి నేను చదువు పూర్తిచేసి కొద్ది కాలమే అయింది, పెద్దాయన మాట కాదనే ధైర్యం లేదు. ఆరు నెలలూ చెప్పినట్టే చేశాను. కింది పోర్షన్‌కు ఇల్లు మారాం కూడా. నొప్పి తగ్గింది. ఏడో నెలలో బంధువుల పెళ్ళికని మూడో అంతస్తు ఎక్కాను, ఆ రాత్రి మోకాలు పట్టుకుని ఏడ్చాను. మర్నాడు టేపు తీసుకుని రెండు తొడలూ కొలిస్తే ఎడమ తొడ రెండు సెంటీమీటర్లు సన్నబడి ఉంది. ఆరు నెలల విశ్రాంతి నా నొప్పిని నయం చేయలేదు, నా కాలిని మెట్లకు పనికిరాకుండా చేసింది, అంతే. తర్వాత వ్యాయామాలతో బాగవడానికి నాలుగు నెలలు పట్టింది. అందుకే పూర్తిగా మానేయమనే సలహా వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కొన్నాళ్ళు తగ్గించుకోవడం వేరు, మానేయడం వేరు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మొదటి రెండు వారాలు మోకాలిని రెచ్చగొట్టే పనులు సగానికి తగ్గించండి. మిద్దె మీదికి బట్టలు ఆరేయడానికి నాలుగుసార్లు పోయేవారైతే ఒక్కసారే పోండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయండి, రెయిలింగ్ పట్టుకోండి. బస్సులో కాలు చాపుకోవడానికి వీలుండే సీటు చూసుకుని, పది పదిహేను నిమిషాలకు ఒకసారి మోకాలు చాపి ముడవండి. క్లాసులో పిల్లల పక్కన నేల మీద కూర్చోవాల్సి వస్తే చిన్న స్టూలు తెచ్చుకోండి. ఇంట్లో నేలమీద కూర్చునే మరుగుదొడ్డి అయితే కొన్నాళ్ళు దాని మీద వేసుకునే కమోడ్ కుర్చీ వాడండి, అది శాశ్వతం కాదు. నడక మాత్రం ఆపొద్దు. నొప్పి పెంచనంత దూరం రోజూ నడవండి.

నొప్పి ఎంతవరకు భరించవచ్చు అని అందరూ అడుగుతారు. సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. వ్యాయామం చేసేటప్పుడు మూడు దాకా ఉంటే పర్వాలేదు, భయపడి ఆపొద్దు. కానీ మర్నాడు పొద్దున లేచేసరికి అది ముందురోజు ఎంత ఉందో అంతకే రావాలి. పొద్దునకీ పెరిగే ఉంటే నిన్న చేసింది ఎక్కువైందని అర్థం, ఈసారి మూడో వంతు తగ్గించండి. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే మీకు నా అవసరం కూడా అంతగా ఉండదు.

వ్యాయామాలు రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులు చాలు. మొదటి వారం కాలు చాపి కూర్చుని మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, తొడ బిగించి ఆ చుట్టను నేలకు నొక్కండి, ఐదంకెలు పట్టి వదలండి, పదిసార్లు. ఇది తేలిక, తొడ కండరాన్ని నిద్ర లేపడానికి. దాంతోపాటు ఎడమ పక్కకు తిరిగి పడుకుని కుడి కాలిని నిటారుగా, మడమ కొంచెం వెనక్కి ఉండేట్టు పైకి ఎత్తి దించండి. కాలు ముందుకు వస్తే తుంటి ముందు కండరమే పనిచేస్తుంది, మనకు కావాల్సిన పక్క కండరం పడుకునే ఉంటుంది. గోడకు వీపు ఆనేట్టు పడుకుని, మడమను గోడకు రాసుకుంటూ ఎత్తితే తప్పు జరగదు. పది పన్నెండుసార్లు, మూడు విడతలు. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడిచి పిరుదులు పైకి లేపడం, అదీ అంతే లెక్క. రెండు కాళ్ళకూ చేయండి, బాగున్న కాలిని వదలొద్దు.

రెండో వారం నుంచి అసలైంది మొదలు. కుర్చీ మీద రెండు దిండ్లు వేసుకుని, చేతులు ముందుకు చాపి, కూర్చుని లేవండి. దించేటప్పుడు మూడంకెలు, లేచేటప్పుడు ఒకటి. వంగేటప్పుడు ఒళ్ళు కొంచెం ముందుకు వాల్చండి, అట్లా చేస్తే బరువు పిరుదుల మీదికి పోయి చిప్పకు ఊపిరి ఆడుతుంది. మోకాళ్ళు లోపలికి వాలకుండా చూసుకోండి. పది చొప్పున మూడు విడతలు సులువుగా వస్తే ఒక దిండు తీసేయండి. ఇంకో వారానికి రెండోదీ తీసేయండి. నాలుగో వారానికి చేతిలో ఐదు కిలోల బియ్యం సంచి పట్టుకుని చేయండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. నొప్పి తగ్గింది కదా అని తేలిక వ్యాయామాలతో సరిపెట్టుకుంటారు. మీరు తిరిగి పోవాల్సింది 2388 మెట్లకు, దానికి తువ్వాలు నొక్కుడు చాలదు, కాలికి బరువు చూపించాలి. ఐదో వారం నుంచి అదే ఆరంగుళాల పీట మీదికి ఎక్కి దిగడం, అద్దంలో మోకాలిని చూసుకుంటూ.

ఆరో వారం నుంచి మీ మిద్దె మెట్లే మీకు శ్రీవారి మెట్టు అనుకోండి. 18 మెట్లున్నాయనుకుందాం. మూడుసార్లు ఎక్కి దిగితే 54 మెట్లు. మర్నాడు పొద్దున లెక్క సరిగ్గా ఉంటే వచ్చే వారం ఐదుసార్లు, ఆ తర్వాత ఎనిమిది, పన్నెండు, అట్లా పెంచుకుంటూ పన్నెండో వారానికి పాతిక ముప్పైసార్లకు రండి. అప్పుడు శ్రీవారి మెట్టు దారికి పోండి. రెండు వందల మెట్లకొకసారి ఐదు నిమిషాలు కూర్చుని కాళ్ళు చాపండి. ఎక్కడం మాత్రమే, దిగేది బస్సులో. మొదటి రెండుసార్ల మధ్య రెండు వారాల విరామం ఉండాలి. మొక్కు వరసగా ఏడు శనివారాలని ఉంటే ఇంటి పెద్దల్ని అడగండి, నేను ఫిజియోథెరపిస్టునే గానీ శాస్త్రం చెప్పేదాన్ని కాను. అయినా ఆరోగ్యం బాగాలేక ఆగిన మొక్కును తర్వాత తీర్చుకున్నవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు? పసుపు కుంకుమ పెడుతూ ఎక్కడం మాత్రం ఈ ఏడాదికి వద్దు. తప్పదంటే మోకాళ్ళు ముడవకుండా, తుంటి దగ్గర వంగి పెట్టండి.

మందుల సంగతి తొందరగా చెప్పేస్తాను. బాగా నొప్పిగా ఉన్న రోజు పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ వాడొచ్చు, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టొచ్చు. నొప్పి మాత్రలు కడుపులో పుండు ఉన్నవాళ్ళకూ, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్ళకూ, గర్భిణులకూ మంచివి కావు, డాక్టర్ని అడగకుండా మెడికల్ షాపులో కొని వేసుకోవద్దు. కొండెక్కే ముందు మాత్ర వేసుకుని ఎక్కే పద్ధతి చూస్తున్నాను, అది మరీ తప్పు, నొప్పి చెప్పే మాట వినబడకుండా చేసుకోవడమే. చిప్పకు అంటించే టేపు, షూలో పెట్టుకునే మెత్త, ఇవి మొదటి కొన్ని వారాలు నొప్పి తగ్గించి వ్యాయామం చేసుకోవడానికి సాయపడతాయి, అంతకు మించి ఆశించొద్దు. ఇంజెక్షన్ మీకు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. వేస్తామన్నవాళ్ళను ‘ఏ మందు, దేనికి, వ్యాయామం చేయించకముందే ఎందుకు’ అని మర్యాదగా అడగండి. గుజ్జు పెంచుతామని అమ్మే పొడులు, గోళీలు ఈ నొప్పికి పనిచేస్తాయనే ఆధారం లేదు, ఆ డబ్బుతో ఇంట్లో అందరూ గుడ్లు, పప్పు తినండి. మా వృత్తివాళ్ళ గురించి కూడా నిజం చెప్పాలి. ఫిజియోథెరపీ అని పోతే పది రోజులు మోకాలికి అల్ట్రాసౌండ్, కరెంటు పెట్టి పంపించేవాళ్ళు ఉన్నారు. 2018లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం చిప్ప నొప్పికి అట్లాంటి మిషన్ల వైద్యాన్ని సిఫారసు చేయలేదు, వ్యాయామాన్నే ముందు పెట్టింది. మిషన్ పెట్టి వ్యాయామం నేర్పని చోట డబ్బు పోయకండి.

ఆపరేషన్ గురించి అడిగారు. ఫిన్లాండ్‌లో చాలాకాలంగా చిప్ప నొప్పి ఉన్న 56 మందిని తీసుకుని, సగం మందికి కీలులోకి కెమెరా పెట్టి చేసే ఆపరేషనూ వ్యాయామమూ, సగం మందికి ఉత్త వ్యాయామమూ ఇచ్చి చూశారు. 2007లో ఫలితాలు వచ్చాయి. తొమ్మిది నెలల తర్వాత రెండు జట్లూ ఒకేలా బాగుపడ్డాయి, ఆపరేషన్ వల్ల అదనంగా కలిసొచ్చింది ఏమీ లేదు. చిప్ప పక్కకు తప్పిపోయే వాళ్ళకు, ఇంకొన్ని ప్రత్యేకమైన కారణాలకు ఆపరేషన్ ఉంది, మీది ఆ కోవలోకి రాదు.

మీ అత్తగారి మాట కూడా తీసిపారేయను. పుత్తూరు కట్టు మీద మన జిల్లాలో, పక్కన తమిళనాడులో కూడా జనానికి ఎంత నమ్మకమో నాకు తెలుసు, మా ఇంట్లోనూ కట్టించుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ అది విరిగిన ఎముకను కదలకుండా ఉంచడానికి కట్టేది. మీకు ఎముక విరగలేదు. మీ కాలికి కావాల్సింది కదలిక. మూడు వారాలు కట్టు కట్టి కదపకుండా ఉంచితే నాకు ఆరు నెలల్లో జరిగింది మీకు మూడు వారాల్లో జరుగుతుంది. ‘అత్తమ్మా, ఎముక విరగలేదంట, కండరం బలహీనమంట’ అని చెప్పండి, అర్థం చేసుకుంటారు. ఆవిడ మనసు కోసం రాత్రిపూట గోరువెచ్చని నువ్వుల నూనె రాయించుకోండి, హాయిగా ఉంటుంది, నష్టం లేదు.

ఇంత ధైర్యం చెప్పినా, కొన్ని కనబడితే మాత్రం నా జవాబు పక్కన పెట్టి వెంటనే ఎముకల డాక్టర్ని చూడండి. పడిపోయో మెలితిరిగో దెబ్బ తగిలిన కొద్ది గంటల్లో మోకాలు బాగా వాచినా, నాలుగడుగులు కూడా బరువు వేసి నడవలేకపోయినా, మోకాలు వంగకుండా చాపకుండా ఇరుక్కుపోయినా, ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, ఏ పనీ చేయకుండా పడుకున్నప్పుడు అర్ధరాత్రి నిద్ర లేపే నొప్పి రోజూ ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆలస్యం వద్దు. పెద్ద ఖర్చు భయం ఉంటే టీటీడీ నడిపే బర్డ్ ఎముకల ఆసుపత్రి మన ఊళ్ళోనే ఉంది, స్విమ్స్‌లోనూ రుయాలోనూ చూస్తారు. ఇవేవీ లేకపోయినా పన్నెండు వారాలు నిజాయితీగా చేసి కూడా మార్పు రాకపోతే ఒకసారి ఎవరైనా చేత్తో పట్టి, మీ నడక చూసి, తుంటిని కూడా పరీక్షించాలి. ఈ నొప్పిని నెలల తరబడి పట్టించుకోకుండా వదిలేస్తే మొండికేస్తుంది, ఏళ్ళ తరబడి లాగినవాళ్ళను చూశాను. మీకు రెండు నెలలే అయింది కాబట్టి ఇదే మంచి సమయం.

చివరగా మీ అబ్బాయి. వాడిది మీ నొప్పి కాదు, మీ నుంచి వచ్చిందీ కాదు. చిప్ప కింద కొద్ది దూరంలో, కాలి ఎముక మీద బొడిపె, నొక్కితే నొప్పి, పరుగెత్తినా మోకరిల్లినా నొప్పి, ఎదిగే వయసు, ఆటగాడు, ఇవన్నీ కలిస్తే అది చాలావరకు ఆస్‌గుడ్–ష్లాటర్ అనే ఇబ్బంది. 1903లో అమెరికాలో ఆస్‌గుడ్, స్విట్జర్లాండ్‌లో ష్లాటర్ ఎవరికి వారు దీని గురించి రాశారు, అందుకే ఇద్దరి పేర్లూ పెట్టారు. ఈ వయసులో తొడ కండరం చివర అతుక్కునే చోట ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. ఖోఖోలో వరసలో మోకాళ్ళు ముడిచి కూర్చుని ‘ఖో’ అనగానే ఎగిరి లేచి పరుగెత్తాలి కదా, అట్లా లేచిన ప్రతిసారీ ఆ మెత్తటి చోటును కండరం లాగుతుంది, అక్కడే ఉబ్బుతుంది. ఎదుగుదల పూర్తయ్యేసరికి చాలామందికి నొప్పి దానంతట అదే పోతుంది, బొడిపె మిగిలిపోవచ్చు, దానివల్ల ఇబ్బంది ఉండదు. అప్పటిదాకా ఆట మాన్పించొద్దు, పిల్లవాడి మనసు విరిగిపోతుంది. నొప్పి మార్కులు వాడికీ నేర్పండి, మూడు దాటితే ఆ రోజుకు ఆట ఆపాలి. ఆట తర్వాత ఐసు, వారానికి మూడు రోజులు మీతోపాటే పిరుదులు లేపడం, కుర్చీలో కూర్చుని లేవడం. కానీ కుంటుతున్నాడా, తుంటి లేదా గజ్జల్లో నొప్పంటున్నాడా, రాత్రిళ్ళు నొప్పితో లేస్తున్నాడా అన్నది మీరే దగ్గరుండి గమనించండి. ఈ వయసు పిల్లలకు తుంటి కీలులో తేడా వచ్చినా నొప్పి మోకాలి దగ్గరే కనబడుతుంది, అట్లా ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించి తుంటికి కూడా ఎక్స్‌రే తీయించాలి. వాళ్ళ పీఈటీ సారుతో ఒకసారి మాట్లాడి, ఒక నెల రోజులు వాణ్ణి వరసలో కూర్చోబెట్టకుండా రన్నర్‌గా తక్కువసేపు ఆడించమని అడగండి.